నిష్ఠూరం లేని దుఃఖం

మన కథల్లో, కవితల్లో ఎవరైనా చనిపోయినప్పుడు ఆ దుఃఖానికి ఎంత చోటు దొరుకుతోందో కొంతకాలంగా గమనిస్తున్నాను. చాలా తక్కువ. కూలీ చనిపోతాడు. భార్య శవం మీద పడి ఏడుస్తుంది. తరువాతి పేరాలో కన్నీళ్ళు తుడుచుకుంటుంది. ఆ తరువాతి పేరాలో పిడికిలి బిగించి ఊరేగింపు ముందు వరసలో నడుస్తూ ఉంటుంది. ఈ రెండు పేరాల నడుమ ఆమె మనసులో ఏం జరిగిందో రచయిత చెప్పడు. చెప్పవలసిన అవసరం ఉందని కూడా అనుకోడు. వ్యక్తి దుఃఖం సామాజిక ఆశయంగా పరిణమించాలన్నది మనం ఒప్పుకున్న సూత్రం కనుక, ఆ పరిణామం జరిగిందని చెప్తే చాలు, జరిగిన తీరు చూపించనక్కరలేదన్న ధీమా మన రచయితల్లో స్థిరపడిపోయింది. విమర్శకులం మనం కూడా ఆ ధీమాను పెంచి పోషించాం. ఆ నేరంలో నా వాటా నాకు బాగా గుర్తుంది కాబట్టి ముందు అది చెప్తాను.

2014లో బహదూర్‌పురాలో ఒక ఆదివారం సాయంత్రం పదిమందిమి కూర్చుని కవిత్వం చదువుకున్నాం. మా వీధుల్లో తెలుగు చదివేవాళ్ళు తక్కువ, రాసేవాళ్ళు మరీ తక్కువ. అందుకే ఎవరు కాగితం పట్టుకొచ్చినా సంబరంగా ఉంటుంది. ఆ రోజు ఒక కుర్రవాడు చనిపోయిన అక్క మీద కవిత చదివాడు. ఆమె మగ్గం పని చేసి తమ్ముణ్ణి చదివించింది. అతని డీఎస్సీ కోచింగు ఫీజు కోసం జ్వరాన్ని దాచిపెట్టుకుని మగ్గం మీద కూర్చుంది. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి ఆలస్యమైంది. కవిత మధ్యలో పద్నాలుగు పంక్తుల్లో ఆ తమ్ముడు అక్కను నిలదీస్తాడు. నన్నడక్కుండా నా కోసం ఎందుకు చచ్చిపోయావు, ఈ బాకీ నేను ఎవరికి తీర్చాలి, నీ కళ్ళతో కొన్న ఉద్యోగం నాకొద్దు అంటాడు. ఆ కాగితం నేను ఇంటికి తీసుకువెళ్ళి ఎర్ర సిరాతో ఆ పద్నాలుగు పంక్తులూ కొట్టేశాను. చనిపోయిన మనిషిని నిందించడం అపరిపక్వత అనీ, నింద అక్కమీద కాదు, వ్యవస్థమీద ఉండాలనీ అంచున రాశాను. చివర మగ్గం పనివాళ్ళంతా ఒక్కటయ్యే చరణం చేర్చమన్నాను. అతను చేర్చాడు. కవిత అచ్చయింది. నలుగురూ మెచ్చుకున్నారు. ఆ తరువాత ఆ కుర్రవాడు మళ్ళీ ఏమీ రాయలేదు.

ఈ సూత్రం మనకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియనిది కాదు. భావకవిత్వం మీద తిరుగుబాటులో పుట్టింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి భార్యావియోగం తరువాత విషాదాన్నే తన నివాసం చేసుకున్నాడనీ, దుఃఖమే అక్కడ గమ్యమైపోయిందనీ అభ్యుదయ విమర్శ ఆక్షేపించింది. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. లోకమంతా తన కన్నీటికి నేపథ్యంగా మారిపోయినప్పుడు పక్కింటివాడి కన్నీరు కనిపించదు. కాని ఆ విమర్శను మనం కాలక్రమాన ఎంత యాంత్రికంగా వాడామంటే, ఏ కవితలోనైనా కన్నీటి చుక్క కనిపిస్తే అది భావకవిత్వపు శేషమని తేల్చేసే స్థితికి వచ్చాం. కృష్ణశాస్త్రిని ఇష్టంగా చదివి, సభలో మాత్రం ఎగతాళి చేసే తరం ఒకటి మన మధ్య ఉండేది. వాళ్ళ దగ్గరే నేనూ నేర్చుకున్నాను.

ఇక్కడ ఒక విచిత్రముంది. మనం ఈ సూత్రానికి మూలపురుషుడిగా భావించే శ్రీశ్రీయే దాన్ని పాటించలేదు. 1950లో వచ్చిన 'మహాప్రస్థానం' తెరవండి. నడవమనే పిలుపు కంటే ముందు, జగన్నాథ రథచక్రాల కంటే చాలా ముందు, ఒక చావు ఉంది. 1937లో చనిపోయిన కొంపెల్ల జనార్దనరావుకు ఆ పుస్తకం అంకితం. కొంపెల్ల కవి, 'ఉదయిని' పత్రిక నడిపినవాడు. సాహిత్యాన్ని నమ్ముకుని, పేదరికంలో, అనుకున్నవేవీ చేయకుండానే చిన్న వయసులో వెళ్ళిపోయాడు. ఆ అంకిత కవితను మనం పాఠ్యాంశంగా చెప్పేటప్పుడు స్నేహానికి నిదర్శనమని రెండు ముక్కలు చెప్పి పేజీ తిప్పుతాం. అంకితం కదా, గ్రంథంలో భాగం కాదన్నట్టు చూస్తాం. నా దృష్టిలో ఆ పుస్తకపు మనస్తత్వమంతా ఆ రెండు మూడు పేజీల్లోనే ఉంది.

ఆ కవిత నడక చూడండి. మొదట చనిపోయినవాడి బాధను చెప్తాడు, లోకపు కరుకుతనం ఆ సుకుమారుణ్ణి ఎలా గాయపరచిందో చెప్తాడు. వెంటనే స్వరం మారుతుంది. తిరిగి ఆ స్నేహితుణ్ణే పట్టుకుంటాడు. నీమీద ఇన్ని ఆశలు పెట్టుకున్నాం, అన్నిటినీ కాలదన్ని పోయావు, మమ్మల్ని మోసం చేశావు అన్న ధోరణిలో నిలదీస్తాడు. ఆ తరువాత లోకంమీద కోపం: నువ్వు పోతే ఒకరిద్దరం తప్ప ఏడ్చిందెవరు, ఎవరి పనుల తొందర వారిది అని. అన్నిటికీ చివరనే ఆశయం వస్తుంది. అది వచ్చినప్పుడు కూడా, నిన్ను మరచి ముందుకు సాగుతున్నామని కవి అనడు. చనిపోయినవాణ్ణే పిలిచి తమలోకి రమ్మంటాడు, వాడి చేయి కోసం తన చేయి చాస్తాడు. అంటే 'మహాప్రస్థానం' యాత్రలో మొదటి సహయాత్రికుడు మరణించినవాడు.

ప్రేమ, కోపం, ఒంటరితనం, ఆశయం ఆ కవితలో ఒకదాన్నొకటి తోసేసి రావు. ఒకదానిలోంచి మరొకటి వస్తుంది. నాకు ముఖ్యమనిపించేది ఆ రెండో మెట్టు. చనిపోయినవాణ్ణి నిలదీసే ఆ మాటలకు తెలుగులో చక్కని పేరుంది, నిష్ఠూరం. శత్రువును దూషిస్తాం, పరాయివాణ్ణి విమర్శిస్తాం, నిష్ఠూరమాడేది మనవాళ్ళతోనే. ఇచ్చిన మాట తప్పావని, నా సంగతి తలచుకోలేదని, చెప్పకుండా వెళ్ళావని అనడానికి ఆ మనిషిమీద మనకో హక్కు ఉండాలి. ఆ హక్కు ప్రేమవల్ల వస్తుంది. చావుతో అది రద్దయిపోదు. ఆ కుర్రవాడి కవితలో నేను కొట్టేసింది సరిగ్గా దీన్నే. శ్రీశ్రీకి నేను పాఠం చెప్పి ఉంటే ఆ రెండో మెట్టును కూడా ఎర్ర సిరాతో కొట్టేసి ఉండేవాణ్ణి.

మనస్తత్వశాస్త్రం ఈ విషయంలో తడబడి, తరువాత సర్దుకుంది. ఫ్రాయిడ్ 1917లో శోకం గురించీ విషాదరోగం గురించీ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో శోకాన్ని ఒక శ్రమగా వర్ణించాడు. పోయిన మనిషికి ముడిపడ్డ ఆపేక్షను ఒక్కొక్క జ్ఞాపకం నుంచీ విడదీసుకుంటూ రావడం, చివరికి ఆ ఆపేక్షను మరొకరిమీదనో మరొక పనిమీదనో పెట్టగలగడం ఆ శ్రమ. మన సూత్రానికి ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. అయితే 1920లో ఫ్రాయిడ్ కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో మరణించింది. తొమ్మిదేళ్ళ తరువాత, ఆమె బతికి ఉంటే ముప్పయ్యారు నిండే రోజున, కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు బిన్‌స్వాంగర్‌కు రాసిన ఉత్తరంలో ఆయన ధోరణి మారింది. తీవ్రమైన శోకం తగ్గుతుంది గాని పోయినవారికి బదులు దొరకదు, ఆ ఖాళీ మరొక దానితో పూర్తిగా నిండినా అది వేరే సంగతే, అలా ఉండడమే సరైనది, మనం వదులుకోదలచని ప్రేమను నిలుపుకునే దారి అదొక్కటే అన్న భావం ఆ ఉత్తరంలో ఉంది. శాస్త్రజ్ఞుడి సిద్ధాంతాన్ని తండ్రి సవరించాడు. 1996లో వచ్చిన 'కంటిన్యూయింగ్ బాండ్స్' అనే గ్రంథంతో పాశ్చాత్య మనస్తత్వవేత్తలు కూడా, పోయినవారితో బంధం తెంచుకోవడమే ఆరోగ్యమన్న పాత అభిప్రాయాన్ని గట్టిగా ప్రశ్నించారు. మనం మాత్రం 1917 దగ్గరే ఉన్నాం. అదీ ఫ్రాయిడ్‌ను చదవకుండానే.

అయితే 1917 వ్యాసంలో ఇప్పటికీ పనికివచ్చే పరిశీలన ఒకటుంది. పోయిన మనిషిమీద ఉన్న కోపాన్ని ఒప్పుకోలేనివాడు ఆ కోపాన్ని తనమీదికే తిప్పుకుంటాడు. తనను తాను తిట్టుకుంటాడు, హింసించుకుంటాడు. తెలుగులో దీనికి సాక్ష్యం కావాలంటే గోపీచంద్ దగ్గరికి వెళ్ళాలి.

'అసమర్థుని జీవయాత్ర'ను మనం సాధారణంగా శిథిలమవుతున్న భూస్వామ్య కుటుంబపు కథగా, వ్యక్తివాదపు పతనంగా చదువుతాం. ఆ పఠనం తప్పు కాదు. కాని సీతారామారావు జీవితాన్ని నడిపించే ఆశయం ఎవరిది? మరణశయ్యమీద తండ్రి అప్పగించినది. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్నాడు. కొడుకు ఆ మాటకు బద్ధుడై అడిగినవాడికల్లా ఇస్తూ ఆస్తి హరించుకుపోయేలా చేసుకున్నాడు. ఆస్తి పోయాక లోకాన్ని ద్వేషించాడు, భార్యను హింసించాడు, తనను తాను హింసించుకున్నాడు, చివరికి శ్మశానంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. నవల పొడుగునా అతను లోకంలో ప్రతి ఒక్కరితోనూ వాదిస్తాడు. తండ్రితో మాత్రం వాదించడు. ఎందుకు నాకీ బరువు పెట్టి పోయావు నాన్నా అని ఒక్కసారి అనగలిగి ఉంటే ఆ నవల మరోలా ఉండేదేమో అని ప్రతిసారీ అనిపిస్తుంది. ఆ అనలేకపోవడమే అతని అసమర్థత అని నా అభిప్రాయం. సోమరితనం, అహంకారం, వాదప్రియత్వం అన్నీ దాని తరువాతి సంగతులు.

గోపీచంద్ ఆ నవలను అంకితం చేసింది తన తండ్రికి. ప్రశ్నించడం నేర్పిన తండ్రిగా ఆయన్ని ఆ అంకితంలో తలచుకున్నాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1943లో మరణించారు. అంటే తండ్రిని ప్రశ్నించలేక నశించిన కొడుకు కథను, ప్రశ్నను వారసత్వంగా ఇచ్చిపోయిన తండ్రికి ఒక కొడుకు సమర్పించాడు. ఇక్కడా అంకితం పేజీని మనం తిప్పేశాం. మన విమర్శకు అంకితాల పేజీలతో ఏదో పడదు.

ఈ రెండు అంకితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి స్పష్టపడుతుంది. పోయినవారిని వెంట తీసుకుపోవడం దానంతట అది మంచీ కాదు, చెడూ కాదు. శ్రీశ్రీ కూడా మోశాడు, సీతారామారావు కూడా మోశాడు. ఒకడు మోసినవాడితో పోట్లాడాడు. రెండోవాడు పోట్లాడలేదు. పోట్లాడినవాడికి ఆశయం తనదయింది. రెండోవాడికి అది తండ్రి ఆజ్ఞగానే మిగిలిపోయింది. మన కథల్లో భర్త చనిపోగానే జెండా అందుకునే స్త్రీ, కొడుకు చనిపోగానే గర్వపడే తల్లి నాకు సీతారామారావుకు దగ్గరి చుట్టాల్లా కనిపిస్తున్నారు. వాళ్ళకు ఆశయం అప్పగింతగా వచ్చింది. ఎందుకని అడిగే అవకాశం రచయిత ఇవ్వలేదు.

దీనికి గోర్కీ 'అమ్మ'ను ఆధారంగా చూపేవాళ్ళున్నారు. అక్కడ నీలోవ్‌నా ప్రయాణం దుఃఖంనుంచి ఆశయానికి కాదు, భయంనుంచి ధైర్యానికి. తాగుబోతు భర్త దెబ్బలతో మొదలైన భయం అది. ఆమె కొడుకు పావెల్ బతికే ఉంటాడు, అతని కోర్టు ప్రసంగం ప్రతులనే ఆమె పంచబోతుంది. భయానికి చెప్పిన వైద్యాన్ని మనం శోకానికి వాడాం. శోకం సంగతి తెలియాలంటే 1974లో మహాశ్వేతాదేవి రాసిన 'హజార్ చురాశీర్ మా' చదవాలి. తెలుగులోకీ వచ్చింది. ఆ నవలలో సుజాత కొడుకు బ్రతి శవాగారంలో 1084వ నెంబరుగా మిగిలాడు. ఆమె కొడుకు సిద్ధాంతాన్ని స్వీకరించదు. అతనెవరో తెలుసుకోవడానికి ఒక రోజంతా అతని మిత్రుల ఇళ్ళకు తిరుగుతుంది. అతనితోపాటు హతుడైన సోము తల్లి గుండె బాదుకుని ఏడుస్తుంటే, సంపన్న గృహిణి సుజాత అలా ఏడవలేకపోతుంది. ఏడ్పులో కూడా వర్గముందని ఆ ఒక్క దృశ్యం చెప్పినంతగా మన వ్యాసాలు చెప్పలేదు.

సోము తల్లి మనకు కొత్తకాదు. తెలంగాణ పల్లెల్లో చావు దగ్గర ఆడవాళ్ళు శోకాలు తీసి ఏడ్చేటప్పుడు విన్నవాళ్ళకు ఆమె తెలుసు. ఆ శోకాల్లో పోయినవాడి గుణగణాలు ఎంత ఉంటాయో, వాడిమీద నిష్ఠూరం కూడా అంత ఉంటుంది. బిడ్డ పెళ్ళి చేయకుండానే పోతివని, బాకీలు నా నెత్తిన పెట్టి పోతివని, నిన్న రాత్రి తిన్న బువ్వ గుర్తులేకపోయెనా అని రాగం తీసి అడుగుతారు. ఊరి పెద్ద మోసం, ఆసుపత్రిలో జరిగిన నిర్లక్ష్యం, అన్నదమ్ములు పంచని పొలం, అన్నీ ఆ ఏడుపులో పదిమంది ముందూ బయటపడతాయి. మనం వ్యవస్థపై విమర్శ అని పిలిచేది అక్కడ నిష్ఠూరంలోంచే వస్తుంది, దాన్ని పక్కకు నెట్టి రాదు. ఆ స్త్రీలకు ఈ సంగతి మన సూత్రానికి ఎంతో ముందే తెలుసు.

పాతబస్తీలో ఉండేవాణ్ణి కాబట్టి మొహర్రం గురించి చెప్పకుండా ఉండలేను. క్రీస్తుశకం 680లో కర్బలాలో జరిగిన మరణాల కోసం ఇక్కడ ప్రతి ఏటా నల్లబట్టలు కడతారు. పదోరోజున దబీర్‌పురా బీబీకా అలావానుంచి అలం ఏనుగుమీద బయల్దేరి చాదర్‌ఘాట్ వైపు మూసీ ఒడ్డుకు సాగుతుంది. నౌహాల్లో చిన్నారి సకీనా, నీళ్ళకని వెళ్ళి తిరిగిరాని బాబాయి అబ్బాస్ కోసం పిలుస్తూనే ఉంటుంది. ఆ బాబాయి వీరుడని అందరికీ తెలుసు. ఆ పిల్లకు మాత్రం ఆయన ఇంకా రాలేదు. అన్యాయపు పాలనకు తలవంచకపోవడమనే ఆశయం ఆ సంప్రదాయంలో ఎంత ప్రబలంగా ఉన్నా, దానికోసం పిల్ల ఏడుపును ఎవరూ తగ్గించలేదు. మన పల్లెల్లో పీర్ల పండుగకు గుండం చుట్టూ తెలుగు పాటలు పాడే రైతుకూలీలకు కూడా ఆ కథలో ముందు గుర్తుండేది దాహమే. మతాచారంగా దీన్ని మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మనస్తత్వంగా ఇందులో నేర్చుకోవలసింది ఉంది.

మా ఇంటినుంచి పురానాపూల్ దూరం కాదు. 1578లో కట్టిన ఆ వంతెన గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ వరదలో మూసీ దాటాడనీ, తండ్రి భయపడి వంతెన కట్టించాడనీ చెప్తారు. యువరాజు పుట్టింది 1565లో. వంతెన పూర్తయ్యేనాటికి పదమూడేళ్ళవాడు. చరిత్రకారుడు షేర్వాణీ అసలు భాగమతి ఉనికినే సందేహించాడు. అయినా జనం ఆ కథను వదలరు, నేనూ వదలమనను. కాని ఆ ఆశ మనదే అన్నది గమనించదగ్గది. ప్రేమ దానంతట అది చాలదు, దానికి పదిమందికీ పనికివచ్చే ఒక రాతి ఫలితం కావాలి. మన కథల చివరి పేరా అలాంటి వంతెనే. పునాది వేసిన సంవత్సరం సరిపోదు, అంతే.

అదే నదిమీద 1908 సెప్టెంబరు 28న వరద వచ్చింది. వేలమంది కొట్టుకుపోయారు, వంతెనల్లో పురానాపూల్ నిలిచింది. ఆ ఒక్క రోజులో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకుని తానొక్కడు బతికాడు. ఆ ప్రళయం మీద 'ఖయామతె సుగ్రా' అనే నజ్మ్ రాశాడు. తరువాత 1961లో మరణించేదాకా రుబాయీలు రాశాడు, ఆ ప్రక్రియలో దక్కన్‌లో పెద్ద పేరు అయ్యాడు. నగరం కూడా తన దుఃఖానికి తన పద్ధతిలో జవాబిచ్చింది. విశ్వేశ్వరయ్యను పిలిపించింది, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టుకుంది. ఆ జలాశయాలు కావలసినవే. మళ్ళీ అంతటి చావు రాకుండా చూసుకోవడం ఆశయాలన్నిటిలోకీ గొప్పది. కాని అమ్జద్ కూతురికి హిమాయత్‌సాగర్ బదులు అని ఏ ఇంజనీరూ అనలేదు. ఆ మాట అనేది మన కథకులే. అమ్జద్ భక్తివేదాంతంతో నాకు పేచీ ఉంది, ఆయన ఓదార్పులు నాకు ఓదార్పులు కావు. అయినా పోయిన ముగ్గురి స్థానంలో దేన్నీ నిలబెట్టి చూపనందుకు ఆయన్ని గౌరవిస్తాను.

ఈ వాదన విన్న మిత్రుడొకరు, ఇది మళ్ళీ వ్యక్తివాదంలోకి తలుపు తీయడమే కదా అన్నారు. కాదని నా నమ్మకం. దుఃఖాన్ని భౌతికంగా చూడమనే నేనంటున్నాను. దుఃఖించడానికి తీరిక కావాలి. రోజుకూలి స్త్రీ మూడోరోజు ముగియగానే పనికి వెళ్ళవలసి వస్తుంది, నెల జీతగాడికి పదిరోజుల సెలవు దొరుకుతుంది, భూస్వామి ఏడాదిపాటు విచారంలో ఉండగలడు. ఆమె త్వరగా కన్నీళ్ళు తుడుచుకోవడానికి కారణం చైతన్యమా, ఆకలా? ఆ తేడా చూపించలేని రచయిత ఆమె లేమిని ఆమె ఘనతగా చూపిస్తున్నాడు. యజమానికి కావలసింది కూడా అదే, త్వరగా తేరుకుని పనికి రావడం. మూడో పేరాలోనే ఆమెను ఊరేగింపులో నిలబెట్టే మనం, మూడోరోజే ఆమెను పనిలోకి పిలిచే మేస్త్రీకి భిన్నంగా ప్రవర్తిస్తున్నామా అని అడుగుతున్నాను. ఊరేగింపు వద్దని కాదు. ఆమె అక్కడికి ఏ దారిన వచ్చిందో, వచ్చేటప్పుడు భర్తతో దారి పొడుగునా ఏం మాట్లాడుకుంటూ వచ్చిందో రాయమంటున్నాను.

మఖ్దూం మొహియుద్దీన్‌ను ఈ సందర్భంలో తలచుకోవాలి. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని చిన్నాన్న దగ్గర పెరిగినవాడు, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, కార్మిక సంఘాల్లోనూ సాయుధ పోరాటంలోనూ ఉన్నవాడు. 1944 నాటి 'సుర్ఖ్ సవేరా'లో ప్రేమకవితలూ ఎర్రజెండా కవితలూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. మల్లెపందిరి కింది ప్రేమ కోసం ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, దాన్ని విప్లవానికి రూపకమని సమర్థించుకోనూ లేదు. ఆయన కవితలను సభల్లో పాడే మనం, ఒక కుర్రవాడి అక్కమీది ప్రేమకు మాత్రం వెంటనే సంజాయిషీ అడిగాం.

అడిగినవాణ్ణి నేను. కిందటేడు బహదూర్‌పురా చౌరస్తాలో, జూపార్కు వైపు వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉండగా అతను కనిపించాడు. డీఎస్సీ రెండుసార్లు రాసి మానేశాడట. ఒక మందుల దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. పెళ్ళయింది, కూతురుకు అక్క పేరు పెట్టుకున్నాడు. ఆ పాత కాగితం ఇంకా నా దగ్గర ఉందనీ, కొట్టేసిన పంక్తులు తిరిగి చేర్చి కవితను మళ్ళీ అచ్చువేద్దామనీ అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు.

"మీరు కొట్టేసినయి తప్పులేం గావు సార్," అన్నాడు చివరికి. "ఆ లైన్లు రాసేటప్పుడు అక్క నా ఎదురుంగ కూసున్నట్టే ఉండె. అవి తీసేసినంక అక్క లేచిపోయింది."

మళ్ళీ రాయకూడదా అని అడిగాను.

"రాయాల్నంటె మళ్ల అక్కను తిట్టాలె గద సార్," అన్నాడు. "ఇప్పుడు తిట్టబుద్ధి అయితలేదు. ఆ కాయితం మీ దగ్గర్నే ఉండనీయుండ్రి." ఇంతలో అతని బస్సు వచ్చింది.